భోజనాల బల్ల మీద చెరువు

భోజనాల బల్ల మీద చెరువు వెలిసి మూడు నెలలైంది. అప్పట్నించీ ఆ ఇంట్లో అందరూ కంచాలు ఒళ్ళో పెట్టుకునే తింటున్నారు. పొట్ట ముందుకొచ్చి ఒడి మిగలని అల్లుడు మాత్రం నిలబడి తింటాడు.

బల్లంత కాన్వాసు మీద ఆ చెరువు గీస్తున్నది మామగారు. లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా రిటైరై, భార్య పోయాక కూతురింటికొచ్చాడు. గట్టు మీద చెట్లు, కింద నీళ్ళు, నీళ్ళలో చెట్ల నీడలు. ఆకు ఆకూ విడిగా కనబడాలని ఆయన పంతం.

ఆ పొద్దున కూతురు జుట్టుకి క్లిప్పు పెట్టుకుంటూ వచ్చింది.

"ఎలా ఉందమ్మా?"

"సూపర్ నాన్నా! అచ్చం ఫొటోనే," అంది ఫోనుతో.

"కేక మామయ్యా!" అన్నాడు అల్లుడు, షూ లేసుతో.

"అన్నట్టు నాన్నా, ఆదివారం మా ఆఫీసువాళ్ళు భోజనానికొస్తున్నారు. దీన్ని నీ గదిలోకి మార్చేయవా?"

"గదిలో వెలుతురుండదు."

"అయిపోయిందిగా! ఇంకేముంది వెయ్యడానికి?"

ఆయన కుంచె కింద పెట్టాడు.

"కుడి చివర చెట్టుకి నీళ్ళలో నీడ లేదు. కావాలనే వదిలేశాను. వారమైంది. రోజూ అడుగుతున్నా, రోజూ సూపరంటున్నావు. లిఫ్టెక్కి చూడకుండా సంతకం పెట్టేవాళ్ళని సర్వీసంతా తిట్టాను. ఇప్పుడు అలాంటివాళ్ళింట్లోనే ఉంటున్నాను."

అల్లుడు ఏదో అనబోయి, భార్య మొహం చూసి, రెండో షూ చేత్తో పట్టుకునే బయటపడ్డాడు.

"ఇంత చిన్నదానికి అంత మాటా నాన్నా?"

"పొగడమని అడిగానా? మీ అమ్మయితే నా బొమ్మల్ని చెడ తిట్టేది. తిట్టాలంటే ముందు చూడాలి కదే."

కూతురు బల్ల మీదికి వంగింది. అంతెత్తు చెట్టు. దాని కింద వట్టి నీళ్ళు. వారం రోజులుగా ఆమె కళ్ళ ముందే, గట్టు మీద ఒంటరిగా నిలబడి ఉంది.

చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, కుంచె అందుకుంది.

"ఎలా వెయ్యాలి?"

"చెట్టుని తలకిందులు చేసుకో. రంగు కిందికి లాగు. తడారకముందే పొడి కుంచెతో అడ్డంగా ఒక్కసారి నిమురు."

లాగింది, నిమిరింది. ఆఫీసు ఫోను మోగి మోగి అలిసిపోయింది.

"ఎలా ఉంది నాన్నా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఘోరంగా ఉంది," అన్నాడు. "చెట్టు నిటారుగా ఉంటే, నీడ తాగి తూలుతోంది. చెరిపేసి మళ్ళీ వెయ్యి."

ఆమె కళ్ళు ఒత్తుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.