ఆగు అట్ట లేని రోబో

లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు హుష్ సార్. పక్క గదిలో కంప్యూటర్ టీచర్ క్లాసు మొదలైతే ఆయన నోట ఇంకో మాట రాదు మరి.

ఆ గదిలో కంప్యూటర్లు లేవు. నేల మీద సుద్దముక్కతో గీసిన గళ్లు, బాణాలు వేసిన అట్టలు, తలకి అట్టపెట్టె బోర్లించుకుని రోబోల్లా నడిచే ఒకటో తరగతి పిల్లలు.

"అది ప్రోగ్రామింగా, దాగుడుమూతలా?" అని ఆయన హెడ్‌మేడమ్ దగ్గర గోలపెట్టాడు.

"ఒక్క క్లాసు చూసి రండి. అప్పటికీ గోలే అంటే ఆ టీచరమ్మాయిని రెండో బ్రాంచికి పంపించేస్తాను," అందావిడ.

మాస్టారు గోల పోవాలనుకున్నాడు గానీ, అందులో వినిపించే ఆమె నవ్వు పోవాలనుకోలేదు.

ఆ క్లాసుకి వెళ్లి కుర్చీ లాక్కున్నాడు.

"కూర్చుంటే కుదరదు మాస్టారూ. ఇవాళ రోబో మీరే. అట్ట మీద ఉన్నదే చెయ్యాలి, సొంత తెలివి వద్దు," అంటూ టీచర్ ఆయన తలకి పెట్టె తగిలించింది.

"ఎలాగూ లేదు సార్‌కి," అన్నాడెవడో.

పళ్లూడిన పిల్ల ఒకతి 'ముందుకు' అట్ట పెట్టి, పక్కనే 'మళ్లీ మళ్లీ' పెట్టింది. 'ఆగు' పెట్టడం మరిచిపోయింది. మాస్టారు నడిచాడు. గళ్లు దాటాడు, బెంచీ దాటాడు.

"ఆగండి సార్!"

"నోటితో చెబితే రోబోకి వినపడదర్రా, అట్ట పెట్టాలి," అంది టీచర్, తనవైపే వస్తున్నాడని చూసుకోకుండా.

పెట్టె వెళ్లి ఆమె నుదుటికి తగిలింది. ఆయన కాళ్లు నిలబడ్డచోటే నడుస్తున్నాయి.

"ఇక ఆగచ్చు మాస్టారూ!"

"అట్ట పడలేదు కదా టీచర్ గారూ."

ఆమె పగలబడి నవ్వింది. రోజూ గోడ అవతల నుంచి విన్న నవ్వే, జానెడు దూరంలో.

"ఏం మాస్టారూ, గోలేనా?" గుమ్మంలో హెడ్‌మేడమ్.

"గోలే మేడమ్." టీచర్ మొహం వాడిపోయింది. మాస్టారు వెంటనే అందుకున్నాడు, "కానీ పంపించకండి. అది వినపడకపోతే నాకు లెక్క తెగదు."

మర్నాడు పొద్దున ఆయన గది గుమ్మం నుంచి ఆమె కుర్చీదాకా నేల మీద 'ముందుకు' అట్టలు పరిచి ఉన్నాయి. చివర 'మళ్లీ మళ్లీ'. పక్కనే చేతులు కట్టుకుని మాస్టారు.

"ఇందులో తప్పుంది. ఆగు లేదు," అందామె.

"మరిచిపోయి కాదు, కావాలనే పెట్టలేదు."

ఆమె అట్టలు చూసింది, ఆయన్ని చూసింది.

"అయితే ఆదివారం మా ఇంటిదాకా పరవండి. మా నాన్న కూడా సరిచూడాలిగా."

గుమ్మంలో పిల్లల గుసగుసలు మొదలయ్యాయి. పళ్లూడిన పిల్ల వెనక్కి తిరిగి, మూతి మీద వేలు పెట్టుకుంది.

"హుష్!"