కోసిగి నల్ల ఎద్దు

"తప్పిపోయిన పశువుల వివరాలు..." అన్నంతవరకే బొజ్జన్న గొంతు వినిపించింది. తర్వాత ఏదో బరువుగా పడ్డ చప్పుడు, ఆపైన ఒట్టి గుయ్‌మనే మోత. కడప కాఫీ హోటళ్లలో రేడియో చుట్టూ కూర్చున్నవాళ్లు స్టేషన్‌లో కరెంటు పోయిందనుకున్నారు. పోయింది బొజ్జన్న ప్రాణం. మైకు ముందే, వీపులో దిగిన కత్తితో ఒరిగిపోయాడు.

అది 1943 ఏప్రిల్ మొదటి వారం.

మూడో రోజు మద్రాసు మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆఫీసులో ఏజెంట్ హుసేన్ వలి ముందు మేజర్ ఒక ఉత్తరం పెట్టాడు. బొజ్జన్న చనిపోయే ముందు సర్కారుకు రాసింది. 'కోసిగి సుంకప్ప పశువు తప్పిపోయిందని వారం వారం నాచేత చదివిస్తున్నారు. కరువుకు పశువులన్నీ అమ్ముకుని ఆ ఊరు వలస పోయింది. లేని పశువులు ఎలా తప్పిపోతాయి?' అంతే ఉంది అందులో.

మేజర్ బ్రీఫింగ్ కూడా అంతే పొట్టిగా సాగింది. కడప ఊరి చివర చిన్న మీడియం వేవ్ స్టేషన్. అందులో శత్రువు కోడ్ నడుస్తోంది. గుల్షన్ బీ అనే గాయని అక్కడ మన మనిషి. ఆమెను శ్రుతి ఎంతని అడగాలి. "ఏడున్నర" అంటుంది. లోకంలో లేని శ్రుతి కాబట్టి పొరపాటు పడే ప్రమాదం లేదు.

"ఆమెను నమ్మొచ్చా సార్?" అన్నాడు హుసేన్ వలి.

"ఆమె అవతలివాళ్ల దగ్గరా జీతం తీసుకుంటుంది. నువ్వే తేల్చుకో."

హుసేన్ వలి ముందు కోసిగి వెళ్లాడు. పుట్టింది ఆ పక్క పల్లెలోనే అయినా, ఖాకీ వాసన పసిగట్టినట్టు, వలస పోకుండా మిగిలినవాళ్లెవరూ మంచినీళ్లయినా ఇవ్వలేదు. తలుపులు మూసిన వీధిలో సుంకులమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది. సుంకప్ప భార్య.

"ఆయప్ప సచ్చి రెండేండ్లాయ. ఎద్దు యాడిదప్పా, పేడకడి గూడా లేదు ఈడ" అని మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత నాలుగో నాటికి అతను మదార్ సాహెబ్ అనే హార్మోనిస్టు వేషంలో కడప స్టేషన్‌లో చేరాడు. తెల్ల గడ్డం, ఎర్ర తుర్కీ టోపీ, కొద్దిగా కుంటినడక. హార్మోనియం తిత్తి వెనుక పిస్తోలు, జేబులో అగ్గిపెట్టెంత కెమెరా.

ఆ స్టేషన్ పాత వేరుశనగ గోదాము. 1937లో మిల్లు ఓనరు కంబన్న లైసెన్సు తెచ్చి పెట్టాడు. స్విస్ పాస్‌పోర్టు మీద వచ్చిన కెల్లర్ అనే ఇంజనీరు ట్రాన్స్‌మిటర్ బిగించి అక్కడే ఉండిపోయాడు. ప్రతిధ్వని రాకుండా గోడలకు గోనెసంచులు వేలాడదీశారు. ముప్పై మైళ్లు వినపడేది. మొదట్లో జనం పాటలు విని మురిసిపోయారు. యుద్ధం వచ్చాక సర్కారు వార్తలు చదవాలన్న షరతు మీద దాన్ని బతకనిచ్చారు. అప్పటినుంచి ఊరు దాన్ని అబద్ధాల డబ్బా అనడం మొదలుపెట్టింది. సాయంత్రమైతే రేకుల మీద రాళ్లు పడేవి. నిరుడు క్విట్ ఇండియా గొడవల్లో కంబన్న తమ్ముణ్ణి పోలీసులు జైల్లో వేశారు. అందుకే ఆయన కొత్తవాణ్ణెవణ్ణి చూసినా సర్కారు మనిషేమోనని పళ్లు నూరేవాడు. మదార్ సాహెబుకు చాప కూడా ఇవ్వనివ్వలేదు.

గుల్షన్ బీ ముక్కుకు రవ్వల బేసరి, ఒంటిమీద గులాబీ రంగు పట్టుచీర. ఆమె లోపలికి వస్తే గోదాములో అత్తరు వాసన కమ్ముకునేది. శ్రుతి ఎంతని అడిగితే ఏడున్నర అంది, అసహ్యంగా, వక్కపలుకు ఉమ్మినట్టు.

హుసేన్ వలి నాలుగు రోజులు పాత ప్రకటనల చీటీలను ఫొటోలు తీసి రైళ్ల రాకపోకలతో సరిపోల్చాడు. తెల్ల ఆవు అంటే సైనికుల రైలు. నల్ల ఎద్దు అంటే మందుగుండు. ఇన్నాళ్లూ కబురు మాత్రమే పోయింది. ఐదో రోజు చీటీలో 'ఒంటిమిట్ట వంక కాడ తప్పిపోయింది' అని కొత్తగా చేరింది, అంటే ఈసారి అక్కడ బాంబు పేలబోతోంది. చీటీలు రాసేది కెల్లర్. స్విస్ మనిషి కాదు, జర్మన్ ఏజెంటు.

ఐదో సాయంత్రం రైల్వే స్టేషన్‌లో అతను కాపు కాశాడు. నాలుగూ నలభైకి మందుగుండు వ్యాగన్లు కదిలాయి. ఇంజన్లు చాలక వాటి వెనకే ఒంటిమిట్ట కల్యాణానికి వెళ్లే యాత్రికుల పెట్టెలు తగిలించారు. పిల్లాపాపలతో ఆరువందల మంది. రైలును ఆపమని చెప్పడానికి తంతి మాస్టరు దగ్గరికి పరుగెత్తితే, తీగలు ఎవరో కోసేశారన్నాడు ఆయన.

ఒంటిమిట్టకు ముందు వంక మీద వంతెన ఉంది. రైలు అక్కడికి చేరడానికి నలభై రెండు నిమిషాలు. ప్రకటనలు ఐదుంబావుకు.

సైకిలు తొక్కుకుంటూ వచ్చి హార్మోనియం ముందు కూర్చునేసరికి ఎర్ర బల్బు వెలగడానికి రెండు నిమిషాలుంది. అద్దం అవతల ట్రాన్స్‌మిటర్ గదిలో కెల్లర్. బొజ్జన్న పోయినప్పటినుంచి ప్రకటనలు చదువుతున్న గుల్షన్ బీ చేతిలో చీటీ. అతను మెట్లు నొక్కుతూ ఆ చప్పుడు మాటున రైల్లో ఎవరున్నారో చెప్పాడు.

ఆమె అద్దం వైపు చూసింది. ఒట్టి మందుగుండే అని కెల్లర్ చెప్పాడట. సర్కారు మందుగుండు కాలిపోతే తనకేం బాధ లేదంది.

"బొజ్జన్నకు అనుమానం వచ్చిందని అతనికి చెప్పింది నేనే. ఉద్యోగం తీసేస్తాడనుకున్యా" అంది.

"వంతెన కాడున్నోళ్లను ఆపే మాట ఏదన్నా ఉందా?"

ఆమె చీటీ విప్పి మైకు దగ్గరికి జరిగింది. బల్బు వెలిగింది.

"తప్పిపోయిన పశువుల వివరాలు. కోసిగి సుంకప్ప నల్ల ఎద్దు..." గొంతులో వణుకు లేదు. హుసేన్ వలి చెయ్యి తిత్తి వెనక్కి జారింది. ఈమె 'తప్పిపోయింది' అంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. కాల్చినా రైలు ఆగదు.

ఆమె చీటీ మడిచేసింది. "...దొరికింది."

కెల్లర్ ఒక చేత్తో పిస్తోలు తీసి, రెండో చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి చాచాడు. అద్దం పగిలింది. గుల్షన్ బీ భుజం ఎర్రబడింది. హుసేన్ వలి పేల్చిన గుండు కెల్లర్ మణికట్టులో దిగింది. స్విచ్ సగం కిందికి వచ్చి ఆగింది. బల్బు మసకబారి, మళ్లీ వెలిగింది.

ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది. "నల్ల ఎద్దు దొరికింది. వెతకడం మానుకోండి" అని మళ్లీ చదివింది.

వంక ఒడ్డున తుమ్మచెట్ల చాటున ముగ్గురు బ్యాటరీ రేడియో వింటున్నారు. మీట మీద చెయ్యేసి ఉన్నవాడు ఆ మాట విని తీగ ఊడదీశాడు. గోవింద నామాలు పాడుకుంటూ రైలు వాళ్ల తలల మీదుగా దాటిపోయింది. వాళ్లు చీకటి పడకముందే పోలీసులకు దొరికారు.

గోదాములో, పేలుళ్ల చప్పుడుకు పరుగెత్తుకొచ్చి యాత్రికుల సంగతి విన్న కంబన్న కెల్లర్‌ను గోనెపురితో కట్టేస్తున్నాడు. హుసేన్ వలి తన చొక్కా అంచు చించి గుల్షన్ బీ భుజానికి కట్టు కట్టబోతే ఆమె తోసేసింది.

"మీ సర్కారు కోసం చెయ్యలే. మా అమ్మ నన్నీ బీ ఏటేటా ఆ తిరునాళ్లలో గాజులమ్ముతాది, ఆ బండ్లోనే పోతాది. నన్ను పట్టిస్తావా?"

"బొజ్జన్న సంగతి రాయాల్నే గదా" అన్నాడతను.

"రాసుకో" అంది. గాయం నొక్కి పట్టుకుని వెనక తలుపులోంచి వెళ్లిపోయింది. అతను కదల్లేదు. రిపోర్టులో అన్నీ రాశాడు, ఆమె ఎటు వెళ్లిందో మాత్రం చూడలేదని రాశాడు.

మర్నాడు సీలు వేయడానికి వచ్చిన తహసీల్దారు స్టేషన్ గేటు దాటలేకపోయాడు. చేతుల్లో పలుపుతాళ్లతో పదకొండు మంది రైతులు అడ్డంగా కూర్చున్నారు. దొరికిన నల్ల ఎద్దు తమదేనట.