పేరు లేని ఫోను

కోరుట్లలో ఆ వాడకట్టుకు తెల్లారిందంటే ముందుగా వినపడేది రాజవ్వ దగ్గే. బీడీలు చుట్టీ చుట్టీ పట్టుకున్న దగ్గు అది. ఆ పొద్దున కూడా దగ్గుకుంటూనే విస్తరాకులో ఇంత అన్నం పెట్టి, వెనక గోడ వైపు నడిచింది.

మొగుడు బుచ్చన్న పోయిన మూడో నాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టలేదు. అప్పటి నుంచి రోజూ పెడుతూనే ఉంది. పోయినవాళ్లకు కోరిక మిగిలితే పిట్ట రాదంటారు. ఏ కోరికో రాజవ్వకు తెలుసు, అందుకే ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఇష్టపడి పెళ్లి చేసుకుని సిరిసిల్ల పోయిన బిడ్డ దీప, తండ్రి మొహం ఆఖరిసారి చూసుకోవడానికి ఉరికొస్తే, "నాకు బిడ్డ లేదు" అని తలుపేసింది ఈ తల్లే మరి!

లోపల కొడుకు జితేందర్ ఫోను టింగుమంది.

"అవ్వా, మళ్ళ అచ్చింది! మన వైఫైల గా పేరు లేని ఫోను."

"నిన్న బంద్ చేసిన అంటివి కదరా?"

"చేసిన. ప్రతి ఫోన్‌కు ఓ గుర్తు నంబర్ ఉంటది. గీ ఫోను అసలు నంబర్ దాసిపెట్టి, దినాం కొత్త నంబర్‌తోటి లోపలికి సొస్తుంది. ఎన్నని ఆపాలె?"

రాజవ్వ వెనక్కి తిరిగింది. "గది ఫోను కాదు కొడుకా. మీ బాపు."

"నీకేమన్న పిచ్చి లేసిందా? పాస్‌వర్డ్ మారుస్త. దయ్యమూ రాదు, బాపూ రాడు!"

"మార్చకు! గది ఆయన పెట్టింది. ఒకసారి తలుపేసి సంపినంత పని చేసిన. మళ్ళ ఏయకు!"

ఆకును గోడమీద పెట్టబోయింది. అవతల ఎవరో వెక్కుతున్నారు. తొంగి చూస్తే, గోడకు తల ఆనించి, చేతిలో ఫోనుతో దీప!

"బిడ్డా... ఎప్పటిసంది అస్తున్నవ్?"

"బాపు ఉన్నప్పటిసంది గీ ఊర్లెనే ఉంటున్నమవ్వా. బట్టల షాపుల పని. తెరిచేలోపు గీడ జరసేపు నిలబడి పోత. అన్నకు ఎరుకైతే ఆపుతడని నంబర్ మార్చుకుంట కలుపుత. ఇంట్లకు నువ్వెట్లాగూ రానియ్యవు. కనీసం గీ వైఫై రానిస్తది గదా."

"పాస్‌వర్డ్ ఎవలిచ్చిండ్రు?"

"బాపే. నువ్వు బీడీలు అప్పజెప్ప పోయినప్పుడు నన్ను పిలిచెటోడు. అన్నం తినిపిచ్చెటోడు. నీకు భయపడి చెప్పలే."

రాజవ్వ చేతిలోని ఆకును గోడమీద పెట్టేసింది. బుచ్చన్నకు బిడ్డ కరువే లేదు! ఇన్నాళ్లూ తలుపేసుకుని లోపల మాడిపోయింది తాను. ఏడుపు ఆగలేదు. చప్పుడుకు జితేందర్ బయటికొచ్చాడు, చెల్లెలిని చూసి గోడ దగ్గరికి ఉరికాడు.

"నీ అసలు నంబర్ పెట్టు బిడ్డా. కన్నతల్లి ఇంటికి దొంగ నంబర్‌తోటి అస్తరా? దా, లోపలికి దా."

దీప కన్నీళ్లలోనే సెట్టింగు మార్చింది. జితేందర్ ఫోను మళ్ళీ టింగుమంది. వాడు ముక్కు తుడుచుకుంటూ ఆ నంబర్ పక్కన 'దీప' అని రాసుకున్నాడు.

విస్తరాకులో అన్నం గోడమీదే ఉండిపోయింది. ఆ పొద్దున పిట్ట వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు.