అంచున ఇరవై మైక్రాన్లు

స్విచ్ భాగాల ఇన్‌స్పెక్టర్‌ను పొద్దున్నే ఎవరో కాల్చి చంపారు. మధ్యాహ్నానికల్లా అతని స్థానంలో, చేతిలో ఓకే స్టాంపుతో, ఏజెంట్ జిగురు ప్లేటింగ్ ఫ్యాక్టరీ మెట్లెక్కాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

చీఫ్ బ్రీఫింగ్ ముక్తసరిగా ముగించాడు. పెద్దాసుపత్రి కొత్త మెయిన్ స్విచ్‌కి ఇక్కడి రాగి కాంటాక్టులే వెళ్తాయి. వాటి మీద వెండిపూత ఇరవై మైక్రాన్లు ఉండాలి. పలచబడితే రాపిడికి రాగి బయటపడి, లోడ్ పడగానే స్విచ్ కాలిపోతుంది. విదేశీ ముఠాకు కావలసింది అదే. మర్నాడు జిగురు అక్కకు గుండె ఆపరేషన్ కూడా ఆ ఆసుపత్రిలోనే. ఆ మాట చీఫ్ ఎత్తలేదు, జిగురూ ఎత్తలేదు.

ఫ్యాక్టరీ మేనేజర్ నల్లద్దాల సుందరి. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ అని చీఫ్ నమ్మకం.

"వెండి ఎంత?" అంది.

"రాగి దాగినంత," అన్నాడు జిగురు. కోడ్ కలిసింది.

ఆమే ఒక్కో ముక్కా తెచ్చి, అంచు చూపించింది. జిగురు పెన్ను ఆకారపు మీటర్ ఆనించాడు. ఇరవై రెండు. ఇరవై ఒకటి. మన హీరో చూపు ముక్క మీద కంటే ఆమె మీదే ఎక్కువ నిలిచింది. లాట్ మొత్తానికీ స్టాంపు కొట్టేశాడు.

మర్నాడు స్ట్రెచర్ మీద అక్క నవ్వింది. "ఒరేయ్, జీవితంలో మొదటిసారి టైముకి వచ్చావు," అంది. ఆమెను లోపలికి తీసుకెళ్లగానే అతను స్విచ్ రూమ్‌కి దిగాడు. పొద్దున ట్రయల్‌కి వాడాక, తీసి పక్కన పెట్టిన కాంటాక్టు ఒకటి బల్ల మీద ఉంది. దాని నడుమ సన్నగా ఎర్రటి గీత.

మీటర్‌ను ఆ గీత పక్కనే ఆనించాడు. మూడు.

వెండిపూత వేసే తొట్టెలో కరెంట్ ముక్క అంచుల మీదే ఎక్కువ పడుతుంది, వెండీ అక్కడే పేరుకుంటుంది. రాసుకునేది మాత్రం నడుమ. అది తెలిసే సుందరి అంచు చూపించింది.

ఎలక్ట్రీషియన్ కొత్త స్విచ్ హ్యాండిల్ కిందికి లాగబోతున్నాడు. జిగురు ఎగిరి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కరెంట్ పాత స్విచ్ మీదే ఉంచు," అన్నాడు. పైన అక్క గుండె ఆగలేదు.

అప్పుడే చీఫ్ ఫోన్ చేశాడు. సుందరి మాయమైంది. మిగతా లాట్ రాత్రే లారీల్లో ఊరూరి ఆసుపత్రులకూ వెళ్లిపోయింది. చాలాచోట్ల బిగించేశారు కూడా.

"వద్దని చెబితే ఒక్కరూ వినడం లేదయ్యా. ఓకే స్టాంపు ఉందిగా అంటున్నారు."

"ఉంటుంది సార్," అన్నాడు జిగురు నీరసంగా. "గట్టిగానే కొట్టాను. ఆ వెండికన్నా నా స్టాంపు సిరాయే మందం."