జంబెత్తా పేరిట గోధుమలు

యూరప్ అంతా తిరిగానని నేను చెప్పుకుంటాను. అబద్ధమేం కాదు. కాకపోతే నేను చూసింది యూరప్ గడ్డాలు. ఆవిరి ఓడలో క్షవరం చేసే పని నాది. ఓడ త్రియెస్తెలోనో, మార్సెయ్‌లోనో, ఒదెస్సాలోనో ఆగితే మిగతావాళ్లు రాజభవనాలు చూడ్డానికి పోయేవాళ్లు. నేను రేవు పక్కన చవక గది చూసుకుని నడుం వాల్చేవాణ్ణి. మా దీవికి తిరిగొచ్చాక మాత్రం కాఫీ కొట్లో కూర్చుని రాజభవనాల గురించి అందరికంటే నేనే ఎక్కువ మాట్లాడేవాణ్ణి.

అమ్మ పోయాక ఒక్క పని మాత్రం ఏ రేవులోనూ మానలేదు. మా గ్రీకువాళ్ల చర్చి ఎక్కడుందో వెతుక్కుని వెళ్లి, కొవ్వొత్తి వెలిగించి, ప్రార్థనలో అమ్మ పేరు పిలిపించేవాణ్ణి. మాలో చనిపోయినవాళ్లని పేరు పెట్టి పిలవాలి. పిలిచి, ఉడికించిన గోధుమల్లో చక్కెరా ఎండుద్రాక్షా కలిపి పంచాలి. పేరు వినబడితేనే ఆత్మ వచ్చి తన వంతు తీసుకుంటుందంటారు. "దేవుని దాసురాలు జంబెత్తా..." అని పాద్రి రాగం తీస్తుంటే నా కళ్లు చెమర్చేవి. తల్లిని ఇన్ని దేశాల్లో పిలిపించిన కొడుకు మా దీవిలో ఇంకొకడు లేడని కాస్త గర్వం కూడా ఉండేది.

ఇంకో చిన్న సంగతి. అలా పిలిపించినప్పుడల్లా, నేను ఎక్కడ పడుకున్నా సరే, తెల్లారేసరికి మంచం కాళ్ల దగ్గర నేల తడిగా ఉండేది. త్రియెస్తెలో ఇల్లుగలావిడతో పోట్లాడాను, పైకప్పు కారుతోందని.

"మీ నెత్తిన మూడు అంతస్తులున్నాయయ్యా. కారితే ముందు వాళ్లు మునగాలి" అందావిడ.

వేలు తడిలో ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. నా బూట్ల పనే అనుకున్నాను. నా బూట్ల మీద ఎంత నేరం మోపినా ఎవరూ కాదనరు.

మూడేళ్లు నిండాయి. మాలో మూడేళ్లకి సమాధి తవ్వుతారు. ఎముకలు తీసి, ఎర్ర వైన్‌తో కడిగి, పెట్టెలో పెట్టి చర్చిని ఆనుకున్న ఎముకల గదిలో ఉంచుతారు. తేనె రంగులో వస్తే చనిపోయినవాళ్లు సుఖంగా ఉన్నట్టు. పెద్ద ఉపవాసాలకి ముందొచ్చే ఆత్మల శనివారం, దాని ముందు రోజు మధ్యాహ్నం అమ్మని తీయాలని అనుకున్నాం. నేను త్రియెస్తె నుంచి మెరుగుపెట్టిన పెట్టె పట్టుకొచ్చాను.

"దీనికి తాళం కూడానా? ఎవడెత్తుకుపోతాడనిరా?" అంది అనెజీనా అత్త. మా నాన్న అక్క. నాన్న సముద్రంలోనే పోయాడు కాబట్టి మా వాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే.

దక్షిణపు గాలి లేచింది. ఆకాశం సీసంలా ఉంది. తవ్వేవాళ్లు మొదట పాటలు పాడుకున్నారు. పార శవపెట్టె చెక్కకి తగిలింది. పుచ్చిన మూత తీశారు. పాట ఆగిపోయింది.

అమ్మ అలాగే ఉంది.

చర్మం పాత తోలులా నల్లబడింది. జుట్టు చెక్కు చెదరలేదు. కుళ్లిన వాసన లేదు. దానికి బదులు నాచు వాసన... పడవ అడుగున నిలవున్న నీళ్ల వాసన. కుడి చెయ్యి ముసుగు మడతల్లోకి దూరి ఉంది.

ఊరి పెద్ద నికీతాస్ రెండు అడుగులు వెనక్కి వేసి శిలువ గుర్తు వేసుకున్నాడు. "మట్టి తీసుకోలేదు. ఇలాంటి శవం రాత్రుళ్లు లేచి తిరుగుతుంది. గాలి తగ్గగానే పడవలో మనుషుల్లేని దీవికి చేరుద్దాం. అలాంటివి ఉప్పునీళ్లు దాటి రాలేవు."

ఆ దీవిలో ఏం చేస్తారో చిన్నప్పుడే విన్నాను. ముందు గుండెలో ఇనుప మేకు. తరవాత మంట.

"మా అమ్మ మీద చెయ్యి పడితే ఊరుకోను" అన్నాను.

"అది మీ అమ్మ కాదోయ్, యకూమిస్ దొరా. యూరప్‌లో ఇవి నేర్పలేదా?"

జేబులోంచి క్షవరం కత్తి తీశాను. అప్పటిదాకా ఆ కత్తి చూసి సబ్బు తప్ప ఇంకేదీ భయపడలేదు. నికీతాస్ గడ్డం మీద పడిన పాత గాటు గుర్తొచ్చిందేమో, ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

లినార్దోస్ పాద్రిగారు మధ్యలోకి వచ్చారు. "గొడవొద్దు. సాయంత్రం ప్రార్థనలో ఆవిడ పేరు మూడుసార్లు పిలుస్తాను. మూడో పిలుపుకి ఒళ్లు కరిగి ఎముకలు మిగిలితే సరే. లేదంటే నికీతాస్ చెప్పినట్టే జరగాలి, నాయనా. ఊరంతా భయపడుతోంది."

అమ్మని ఎముకల గదికి మోయించాను. ఆవిడ పక్కన అత్తా నేనూ కూర్చున్నాం.

గోడల నిండా అరలు, అరల నిండా పెట్టెలు. మా ఊరి తాతలంతా అక్కడే ఉన్నారు. బతికున్నప్పుడు ఒకరి గట్టు ఒకరు జరుపుకున్నవాళ్లు, ఇప్పుడు భుజాలు రాసుకుంటూ ఉన్నారు. బయట వాన. పగలే చీకటి పడింది. నూనె దీపం ఒకటి. అమ్మ తల దగ్గర గోధుమల పళ్లెం, పైన చదునుగా అద్దిన తెల్లటి చక్కెర, మధ్యలో ఎండుద్రాక్షలతో శిలువ. చర్చిలోకి వెళ్లే తలుపు అవతల ప్రార్థన మొదలైంది. సాంబ్రాణి వాసన తలుపు సందులోంచి వస్తోంది. దాని వెనకే నాచు వాసన.

అవతల పాద్రిగారి గొంతు లేచింది. "...దేవుని దాసురాలు జంబెత్తా..."

చప్... అని చప్పుడు.

తడి గుడ్డ రాతి మీద పడ్డట్టు. మళ్లీ చప్... ఈసారి దగ్గరగా. అమ్మ వైపు చూశాను. కనురెప్ప కదల్లేదు. పళ్లెం వైపు చూశాను. చక్కెర మీద ఓ గుంట. ఎవరో పిడికెడు తీసినట్టు. గుంట అంచుల్లో చక్కెర కరిగి నీరవుతోంది.

"అత్తా... చూశావా?"

"నేనేం చూళ్లేదు."

"చూడకపోతే వణుకుడెందుకు?"

"చలిరా."

చలే. నిజమే. గదిలోకి సముద్రం వచ్చి కూర్చున్నంత చలి.

"...దేవుని దాసురాలు జంబెత్తా..."

రెండో పిలుపు. దీపం నీలంగా ముడుచుకుంది. నేల మీద అడుగులు కనిపించాయి. మనిషి లేదు. అడుగులే. చిన్నవి, చెప్పుల్లేని ఆడమనిషి పాదాలు. బయటి తలుపు దగ్గర్నుంచి అమ్మని దాటుకుని పళ్లెం దాకా. రెండో పిడికెడు. తరవాత... నమిలే చప్పుడు. పళ్ల కింద చక్కెర నలుగుతున్న చప్పుడు. ఆకలిగా, తొందర తొందరగా.

వంగి తడిని వేలితో తాకాను. నాలిక మీద పెట్టుకోనక్కర్లేకపోయింది. త్రియెస్తెలో, మార్సెయ్‌లో, ఒదెస్సాలో నా మంచం దగ్గరికి వచ్చింది ఈ పాదాలే.

"అత్తా" అన్నాను. "మనం పిలుస్తున్నది ఎవర్ని?"

అత్త ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గట్టిగా అనకు. వింటుంది."

"ఎవరు?"

"జంబెత్తా." కాసేపు ఏడ్చింది. "మీ నాన్నకి స్మిర్నాలో పెళ్లి కుదిర్చాడు మా అయ్య. ఇక్కడ ఎవరూ పిల్లని చూడలేదు. మీ నాన్న తన పడవలోనే తీసుకొస్తున్నాడు, పిల్లనీ, పిల్ల వెంట ఓ దాసీనీ. దారిలో జంబెత్తా పోయింది. సముద్రంలో వదిలేశారు. రేవులో మేమంతా పువ్వులు పట్టుకుని నిలబడ్డాం. పెళ్లికూతురి బట్టల్లో దాసీ దిగింది."

"మా అమ్మ."

"మంచి పిల్లరా. మీ నాన్న దాన్ని చూసే చూపు చూసి నేనే నోరు మూసుకున్నాను. అయ్యకి తెలిస్తే దాసీదాన్ని గడప తొక్కనిచ్చేవాడా?"

"జంబెత్తా ఎలా పోయింది?"

"జ్వరమన్నాడు మీ నాన్న." అత్త అమ్మ వైపు చూడలేదు. "నేనూ జ్వరమనే నమ్మాను."

గాలికి బయటి తలుపు కొట్టుకుంది. నాకు విషయం అంతా తడిబట్టలా ఒంటికి అంటుకుంది. మూడేళ్లుగా గోధుమలన్నీ, కొవ్వొత్తులన్నీ సముద్రంలో ఉన్నావిడకి వెళ్లాయి. మట్టిలో ఉన్నావిడని ఒక్కరూ పిలవలేదు. మా అమ్మ ఇక్కడ పస్తు పడుకుని ఉంది.

"అమ్మ అసలు పేరు చెప్పు."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? చర్చిలో పెళ్లి కిరీటాలు పెట్టింది జంబెత్తా పేరుకి. ఆ పెళ్లి పెళ్లే కాదంటాడు నికీతాస్. నువ్వు ఎవరి కొడుకువీ కావంటాడు. ఇల్లు పోతుంది. మీ నాన్న పేరు పోతుంది."

"పోనీ. నేను ఏ పేరుతోనైనా గడ్డాలు గీసుకుని బతుకుతాను. అమ్మకి మాత్రం అమ్మ పేరుండాలి. చెప్పత్తా!"

చెవిలో చెప్పింది, పేరూ, ఖియోస్ దీవి ఊచకోతలో దాని వాళ్లంతా పోయిన సంగతీ. లేచాను. చర్చి తలుపు వైపు తిరిగాను.

అడుగులు అప్పటికే అక్కడికి చేరాయి. తలుపుకి వీపు పెట్టినట్టు, వేళ్లు నా వైపు. అక్కడ గాలి బరువుగా ఉంది. చుక్క... చుక్క... పైనుంచి నీళ్లు కారుతున్నాయి. నా మొహం ఎత్తునుంచి, జుట్టు కొసల్లోంచి కారినట్టు.

నాకు ధైర్యం ఎప్పుడూ లేదు. తుపానొస్తే ఓడలో అందరికంటే ముందు బల్ల కింద దూరేది నేనే. ఆ రోజు మాత్రం బల్ల లేదు.

"జంబెత్తమ్మా" అన్నాను. గొంతు కోడిపుంజులా చీలింది. "తిన్నావు, సరే. పిలిచింది నేనే, నీ తప్పేం లేదు. కానీ మూడో పిలుపు నీది కాదు. మా అమ్మది. తప్పుకో."

తప్పుకోలేదు.

"అయితే నేనే వస్తున్నాను."

కళ్లు మూసుకుని నడిచాను. మెడదాకా చలినీళ్లలోకి దిగినట్టయింది. ముక్కులోకి ఉప్పు. చెంప మీద జుట్టు... చల్లగా, జారుడుగా... చెవి దగ్గర ఏదో ఊపిరి, మాట కాబోయి ఆగిపోయినట్టు. భుజంతో తలుపు తోశాను. చర్చిలో వెలుగు మధ్య పడ్డాను, మోకాళ్ల మీద, నిలువునా తడిసి.

పాద్రిగారు మూడోసారి నోరు తెరిచారు.

"ఆపండి! ఆ పేరు కాదు! మా అమ్మ జంబెత్తా కాదు!"

ఊరంతా తిరిగి చూసింది. ముందు వరసలో నికీతాస్ నవ్వాడు. "విన్నారా? వీడి నోటితో వీడే చెప్తున్నాడు. మరి ఎవరోయ్ మీ అమ్మ?"

"దాసీది. ఖియోస్‌లో కత్తులు పడ్డప్పుడు అయినవాళ్లందర్నీ పోగొట్టుకున్న పిల్ల. పరాయి పేరుతో మీ అందరికీ రొట్టెలు కాల్చి పెట్టింది. నువ్వూ తిన్నావు, పెద్దయ్యా. అప్పుడు అరిగింది కదా?"

"అయితే నువ్వు..."

"నేను దాసీ కొడుకుని. చాలా? ఇంకా గట్టిగా చెప్పమంటావా? రేవులో నిలబడి అరుస్తాను. మార్సెయ్‌లో అరుస్తాను."

పాద్రిగారి చేతిలో ధూపం గిన్నె గొలుసు గలగలమంది. "బాప్తిస్మం ఉందా ఆవిడకి?"

"ఉంది" అంది వెనకనుంచి అనెజీనా అత్త, గుమ్మం పట్టుకుని. "నేను సాక్షి. దాని పేరు అసిమీనా."

పాద్రిగారు కాసేపు నికీతాస్‌ని చూశారు. తరవాత నన్ను చూశారు. తరవాత కళ్లు మూసుకుని, అంతకుముందు రెండుసార్ల కంటే పెద్ద గొంతుతో పాడారు.

"దేవుని దాసురాలు... అసిమీనా!"

ఎముకల గదిలోంచి చప్పుడొచ్చింది. బస్తాలోంచి అక్రోట్లు కుమ్మరించినట్టు, ఒక్కసారిగా. తరవాత ఏమీ లేదు. వాన కూడా ఒక్క క్షణం ఆగింది.

తెరిచిన తలుపులోంచి అమ్మ ముసుగు ఎముకల మీద చదునుగా పడి కనిపించింది. నికీతాసే ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ తరవాత నా ఇంటి జోలికి గానీ నా పుట్టుక జోలికి గానీ రాలేదు. నా దగ్గర గడ్డం కూడా గీయించుకోలేదు.

ఆ సాయంత్రమే అత్తా నేనూ అమ్మని వైన్‌తో కడిగాం. ఎముకలు తేనె రంగులో ఉన్నాయి, పొడిగా, తేలిగ్గా. నేను తలని ఒళ్లో పెట్టుకుని పిల్లకి నీళ్లు పోసినట్టు పోశాను. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. అసిమీనా అమ్మా, అసిమీనా అమ్మా అని. ముసుగు మడతలు విప్పుతున్న అత్త చేతులు ఆగిపోయాయి.

"యకూమీ... మీ అమ్మకి చేతులెన్నిరా?"

ఎడమ చెయ్యి నా పక్కన ఉంది. కుడి చెయ్యి అత్త ఒళ్లో ఉంది. ఆ కుడి మణికట్టుని ఇంకో చెయ్యి పట్టుకుని ఉంది. చిన్నది. తెల్లగా, సముద్రంలో అరిగిన గవ్వలా తెల్లగా ఉంది. వేళ్ల సందుల్లో నాచు. మిగతావన్నీ పొడిగా ఉంటే అదొక్కటే తడిగా ఉంది.

వేళ్లు విప్పబోయాను. రాలేదు. కత్తి మొన పెట్టి చూశాను. రాలేదు.

"వదిలెయ్" అంది అత్త. "దానికీ మట్టి కావాలేమో."

అలాగే పెట్టెలో పెట్టాను. తాళం వేశాను. ఈసారి అత్త నవ్వలేదు.

మళ్లీ ఓడెక్కాను. ఇప్పుడు ఏ రేవులో ఆగినా రెండు పేర్లూ పిలిపిస్తున్నాను, రెండు పళ్లేల గోధుమలు పంచుతున్నాను. మీ అమ్మా నాన్నా ఎవరని ఎవరైనా అడిగితే, అడగకపోయినా సరే, మా అమ్మ అసిమీనా, దాసీ అని గడ్డానికి సబ్బు రాస్తూనే చెప్తున్నాను.

పోయిన వారం త్రియెస్తెలో అదే గదిలో దిగాను. పొద్దున లేచేసరికి మంచం కాళ్ల దగ్గర నేల తడిగా ఉంది. రెండు జతల అడుగులు. ఒకదాన్ని వేలితో తాకి చూశాను, ఉప్పు. రెండోది ఎర్రగా ఉంది, వైన్ వాసన వేస్తోంది. ఉప్పు అడుగులు పొందిగ్గా, ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. వైన్ అడుగులు అలా లేవు. వాటి పక్కనే, చారలు చారలుగా సాగి ఉన్నాయి... ఎవరో మణికట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చినట్టు.