నెల్లీ పేరుకు అర్థం

మొగలిరేవు రాజ్యంలో ఒక మర్యాద ఉండేది. ఎవరూ తమ పేరు తాము చెప్పుకోకూడదు. చెప్పుకుంటే పొగరు అనేవాళ్ళు. "మీ పేరేమిటి?" అని ఎవరైనా అడిగితే పక్కనున్నవాళ్ళు చెప్పాలి. పక్కన ఎవరూ లేకపోతే, ఎవరో ఒకరు వచ్చేదాకా ఇద్దరూ నిలబడి ఎండల గురించి మాట్లాడుకునేవాళ్ళు. రాజవంశం వాళ్ళకైతే కొమ్ము ఊది, పేరూ బిరుదులూ అర్థాలతో సహా చదివే భట్టులు ఉండేవారు. ఇంత తెలివితక్కువ మర్యాద ఇంకొకటి ఉండదని నా అభిప్రాయం. దానివల్ల జరిగిన చేటు వింటే మీరూ అదే అంటారు.

ఒక ఏడాది మంచి చేపల వేట కాలంలో పొగమంచు వచ్చి రేవు మీద పడింది. పట్టపగలు కూడా చాచిన చేయి కనపడదు. అప్పటికే వేటకు వెళ్ళిన నలభై పడవలు అందులో చిక్కుకుపోయాయి. ఒడ్డున నిలబడితే పడవలవాళ్ళ కేకలు వినిపిస్తాయి. వాళ్ళకు మాత్రం ఒడ్డు ఎటుందో తెలియదు. పడవల్లో తాగునీళ్ళు ఎనిమిది రోజులకే సరిపోతాయి. ఆరు రోజులు అప్పుడే గడిచిపోయాయి.

మంచును పంపినవాడు మడ అడవికి అవతల గవ్వలదిబ్బ మీద ఉండే మసకాసురుడు. వాడి మీదకు మొదట సేనాపతి వెళ్ళాడు. తరువాత యువరాజు ధవళహాసుడు వెళ్ళాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. యువరాజు వెంట వెళ్ళిన గుర్రపువాడు ఒక్కడే పరుగున వచ్చి కొలువులో కూలబడ్డాడు.

"మహాప్రభూ! మన భట్టు కొమ్ము ఊది, 'తెల్లని నవ్వు గల ధవళహాసుల వారు వేంచేశారు' అని చదివాడు. రాక్షసుడు చెవి రిక్కించి విన్నాడు. 'ధవళహాసా! కత్తి దూసా, కళ్ళు మూసా, ఉప్పు పోసా!' అని మూడు ప్రాసలు కట్టాడు. మూడోది పూర్తయ్యేసరికి యువరాజు ఉప్పుస్తంభమైపోయారు. తరువాత భట్టు పేరు నన్నడిగి, అతని పని కూడా అలాగే పట్టాడు. నా పేరు చెప్పేవాళ్ళు లేక నేను బతికాను."

పేరూ, దాని అర్థమూ తెలిస్తే చాలు, రాక్షసుడు మూడు ప్రాసలతో మనిషిని కట్టేస్తున్నాడన్నమాట. రాజు కుంతలవర్మ తల పట్టుకున్నాడు. అప్పుడు ఆస్థాన పండితుడు లేచి, "అర్థంలేని పేరున్న మనిషిని పంపాలి, ప్రభూ! అటువంటి పేరు రాజ్యంలో ఒక్కటే ఉంది. రేవుపేటలో పోలయ్య కూతురిది" అన్నాడు.

ఆ అమ్మాయి పేరు నెల్లీ. వయసు పదమూడు. పోలయ్య కుర్రవాడుగా ఉన్నప్పుడు తుపానులో పడవ పోగొట్టుకుని, ఎక్కడో పగిలిన తెల్లదొరల ఓడ పలకను పట్టుకుని ఒడ్డుకు చేరాడు. ఆ పలక మీద ఏవో అక్షరాలు ఉన్నాయి. ఓడ మనిషి ఒకడు అది "నెల్లీ" అని చదివి చెప్పాడు. కూతురు పుట్టాక పోలయ్య ఆ పేరే పెట్టాడు. బారసాలనాడు పురోహితుడు మొహం చిట్లించి, "ఇదేం పేరు? అర్థం లేదే!" అన్నాడు. "నన్ను ఒడ్డుకి సేర్సింది పంతులుగోరూ. ఇంకేటి అర్తం గావాల?" అన్నాడు పోలయ్య.

అతనికి సరిపోయింది గానీ వీధి పిల్లలకు సరిపోలేదు. నెల్లీ గడప దాటితే చాలు, "నెల్లీ నెల్లీ, గోడ మీద బల్లి, చూరు కింద పిల్లి, మంచంలో నల్లి!" అని పాట అందుకునేవారు. పక్కవాళ్ళెవరికీ ఆ పేరు నోరు తిరిగేది కాదు. అందుచేత ఎవరు అడిగినా నెల్లీయే చెప్పుకోవలసి వచ్చేది. ఒకసారి చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు, మూడుసార్లు చెప్పాలి. అందుకే ఆమెను పొగరుబోతు అనేవాళ్ళు.

కొలువుకు పిలిపించి సంగతి చెప్పగానే నెల్లీ తల ఎత్తింది. ఆ పొద్దున మంచులోంచి వచ్చిన తండ్రి కేక చాలా సన్నగా ఉంది. అదింకా ఆమె చెవుల్లోనే ఉంది.

"ఎల్తాను మారాజా. మా అయ్య ఆ మంచులో ఉన్నాడు, మీరు సెప్పకపోయినా ఎల్దును. గానీ నా పేరుకి అర్తం నేదని మాత్రం అనకండి. మీకు తెల్దని సెప్పండి."

పండితుడి మొహం మాడిపోయింది. కొమ్ము పట్టుకుని వెంట బయలుదేరబోయిన మరో భట్టును నెల్లీ వద్దంది. తండ్రి వల కత్తి ఒకటి నడుముకు కట్టుకుని మడ అడవిలోకి దిగింది.

బురద మోకాళ్ళదాకా ఉంది. మడ చెట్ల వేళ్ళు కాళ్ళకు అడ్డం పడ్డాయి. మధ్యాహ్నానికి పెద్ద ఏరు ఎదురైంది. ఏటి ఒడ్డున బండరాయి అనుకుని కూర్చోబోతే ఆ రాయి తల బయటకు పెట్టింది. అది మూడు వందల ఏళ్ళ ముసలి తాబేలు.

"పేరు తెలియనివాళ్ళను నేను దాటించను. నీ పేరు చెప్పేవాళ్ళేరీ?" అంది తాబేలు.

"నానున్నాను గదా మామ్మా. నా పేరు నెల్లీ."

తాబేలు కళ్ళు పెద్దవి చేసింది. "నీ నోటితో నువ్వే చెప్పావా? మొగలిరేవు నుంచి వచ్చి అలా చెప్పినవాళ్ళను నేను ఇదే చూడటం! ఎక్కు."

ఏరు దాటిస్తూ తాబేలు ఒక హెచ్చరిక చేసింది. "నీ పేరు అర్థం వాడి చెవిన పడనివ్వకు. అర్థం తెలియనంతసేపు వాడి ప్రాసలు నిన్నేమీ చెయ్యలేవు. అసలు నీ పేరుకు అర్థముందా?"

"అదే తెల్సుకోవాల మామ్మా. ఎవుల్నడిగినా నవ్వడమే."

"అయితే ఇసుకలో కూరుకుపోయిన ఓడ దగ్గరకు వెళ్ళు. అక్కడ ఉన్నావిడకు తెలుస్తుంది."

అవతలి ఒడ్డున పాత ఓడ ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని ముక్కున నిలువెత్తు కొయ్యబొమ్మ, చేతిలో కొయ్య దివిటీ. ఓడ పక్క నుంచి ఒక పలక ఊడిపోయి ఉంది. నెల్లీ ఆ ఖాళీని చేత్తో తడిమింది. తండ్రిని ఒడ్డుకు చేర్చిన పలక అక్కడిదేనని తోచి ఆమెకు ఏడుపు వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది కొయ్యబొమ్మ.

"నెల్లీ."

"అది నా పేరు కదా!"

"నీ పేరే, అమ్మా. మా అయ్య నాకు ఎట్టాడు. దీనికర్తం నేదని ఊరంతా అంతన్నారు."

కొయ్యబొమ్మ చాలాసేపు నవ్వింది. "చాలా పాత పేరు ఇది. అసలు పేరు హెలెన్. యవనుల దేశంలో పుట్టి, సముద్రాలు దాటి ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళకు వచ్చింది. అక్కడ తల్లులు ముద్దుగా కురచ చేసి 'ఎల్' అన్నారు. వాళ్ళ భాషలో 'మైన్ ఎల్', అంటే 'నా ఎల్', అని పిలవగా పిలవగా ముందున్న 'మైన్'లోని చివరి ధ్వని వచ్చి పేరుకు అతుక్కుంది. నెల్ అయింది, నెల్లీ అయింది. హెలెన్ అంటే దివిటీ అని చాలామంది చెబుతారు. కాదనే పండితులూ ఉన్నారు. పండితులు ఎక్కడైనా అంతే."

నెల్లీ ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకుంది. దివిటీ.

"నా చేతిలో దివిటీ తీసుకో. ఎంత మంచునైనా తరుముతుంది. కానీ దీన్ని పట్టుకున్నవాళ్ళు తమ పేరూ, అర్థమూ తమ నోటితో గట్టిగా చెబితేనే అంటుకుంటుంది."

"మరి రాచ్చసుడు ఇంటే?"

"ఏమవుతుందో నాకు తెలియదు తల్లీ. ఇంతవరకు ఎవరూ చెప్పి చూడలేదు."

గవ్వలదిబ్బ మీద మంచు మరీ చిక్కగా ఉంది. దిబ్బ చుట్టూ ఉప్పుస్తంభాలు. మసకాసురుడు పైన కూర్చుని ఉన్నాడు. వాడి ముక్కుల్లోంచి మంచు పొగలు పొగలుగా వస్తోంది.

"భట్టు ఏడీ? నీ పేరు ఎవరు చదువుతారు?" అన్నాడు రాక్షసుడు.

"నా పేరు నానే సెప్పుకుంతాను. నెల్లీ!"

రాక్షసుడు తడుముకోలేదు. "నెల్లీ నెల్లీ! గోడ మీద బల్లి, చూరు కింద పిల్లి, మంచంలో నల్లి!"

ఏమీ కాలేదు. నెల్లీ పకపకా నవ్వింది. "ఓస్, ఇదేనేటి? మా ఈదిలో మూడేళ్ళ గుంటలకి ఇంతకన్నా బాగొచ్చు! పదమూడేళ్ళుగా ఈ పాటే ఇంతన్నాను."

రాక్షసుడికి తల కొట్టేసినట్టయింది. గొంతు మార్చాడు. "అర్థం లేని పేరు నీది. నత్త చచ్చిన గుల్ల. అర్థముంటే చెప్పు. లేకపోతే నోరు మూసుకుని ఇంటికి పో. నిన్ను నేనేమీ చెయ్యను."

నోరు మూసుకుంటే నెల్లీ క్షేమంగా ఇంటికి వెళుతుంది. తండ్రి మాత్రం రాడు. నెల్లీకి భయం వేసింది, చాలా భయం వేసింది. అయినా కొయ్య దివిటీ తల మీదకు ఎత్తింది.

"ఇనుకో! నా పేరు నెల్లీ! నెల్లీ అంటే దివిటీ!" దివిటీ కొనన చిన్న నిప్పురవ్వ రాజుకుంది.

రాక్షసుడు సంబరంగా చంకలు గుద్దుకుని అరిచాడు. "దివిటీ నెల్లీ! గోడ మీద బల్లి!" ఉప్పు నెల్లీ పాదాలను పట్టింది. "చూరు కింద పిల్లి!" మోకాళ్ళదాకా వచ్చింది. "మంచంలో నల్లి!" నడుముదాకా వచ్చి, అక్కడ ఆగింది. ఆగి, పెళపెళా రాలిపోయింది. మరొకరు చదివిన పేరునే వాడు దొంగిలించగలడు. సొంతదారు తన నోటితో చాటిన పేరు మీద వాడికి పట్టు లేదు. ఆ సంగతి వాడికీ అప్పటిదాకా తెలియదు పాపం.

"ఇంకా ఉన్నాయి, ఇను!" అంది నెల్లీ. "నెల్లీ నెల్లీ! ఊరికి చెల్లీ, ఓడకు తల్లీ, ఉప్పు నీ కళ్ళల్లో జల్లీ!"

దివిటీ భగ్గున మండింది. మసకాసురుడు కరిగి, గవ్వల మధ్య నీటి మడుగై ఇంకిపోయాడు. మంచు పాయలుగా విడిపోయింది. నెల్లీ దివిటీని ఊపుతూ దిబ్బ కొమ్మున నిలబడింది. దూరాన నలభై పడవలు ఒక్కొక్కటే తలలు తిప్పాయి. అన్నిటికన్నా ముందు పడవలోంచి, "ఓలమ్మ, నా నెల్లీ!" అన్న కేక వచ్చింది. అప్పుడు నెల్లీ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తున్నా దివిటీని మాత్రం దించలేదు.

ఉప్పుస్తంభాలకు నోళ్ళూ కళ్ళూ మాత్రం విడివడ్డాయి. "ఎవుల పేరు ఆలే సెప్పుకోండి, ఇడిపోతారు" అంది నెల్లీ. అలవాటు చొప్పున యువరాజు భట్టు వైపు చూశాడు. భట్టు సేనాపతి వైపు చూశాడు. "ఎదవ మరేదలు తరవాత, బాబూ!" అని నెల్లీ కసిరితే గాని యువరాజు సిగ్గుపడుతూ తన పేరు చెప్పుకోలేదు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి కోట గుమ్మం దగ్గర రాజే ఎదురొచ్చాడు. "అమ్మాయీ, ఇకనుంచి నీకు జ్యోతిర్మయీదేవి అని పేరు పెడుతున్నాం. పెద్దదానివయ్యాక మా యువరాజును పెళ్ళాడుదువుగాని" అన్నాడు.

"వద్దు మారాజా. నాకు పేరుంది. పెళ్ళి సంగతి మీ అబ్బాయి తన పేరు తడబడకుండా సెప్పడం నేర్సినాక సూద్దాం. రేవులో దీపం మేడ కట్టించండి, నాను సూసుకుంతాను."

రాజు మేడ కట్టించాడు. పిచ్చి మర్యాదను ఎత్తేయించాడు. ఆ తరువాత మొగలిరేవులో పేర్లు పెట్టేది పెద్దవాళ్ళే అయినా, మాట వచ్చిన రోజున పిల్లలు గడప మీద నిలబడి తమ పేరు వీధంతా వినేలా చెప్పేవారు. మొదటిరోజు అందరికన్నా గట్టిగా చెప్పింది మాత్రం పోలయ్యట, ఆ వయసులో.

కథ అయిపోయింది. ఏదీ, నీ పేరేమిటి? పక్కవాళ్ళ వైపు చూడకు. గట్టిగా చెప్పు.