ఒక్క కట్ట తక్కువ

ఖానాపురం హవేలిలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో రహస్య ఆఫీసు. ఏజెంట్ ఉషారాణి ముందు చీఫ్ వీరబాబు ఒక మూట పడేశాడు. మాసిన చీర, చిరిగిన తువ్వాలు, ఒక ఆకు కట్ట. కట్టలో షాక్ గన్.

"నీ మారువేషం. తునికాకు తెంపే కూలీవి."

ఉషారాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. టేకులపల్లి అడవి తండాలో ఆమె యాడి, అంటే తల్లి, కమ్లి ఇప్పటికీ ఎండాకాలం తునికాకే తెంపుతుంది.

"మా యాడి బతుకు మీకు వేషమా, సార్?"

వీరబాబు ఆమె మొహం చూడకుండా బ్రీఫింగ్ చదివాడు. తండాకు ఎగువనున్న రిజర్వాయర్ గేట్ల కంప్యూటర్‌ను ఒక విదేశీ ముఠా లాక్ చేసింది. మధ్యాహ్నం పన్నెండుకు గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. రేపు పెద్ద డ్యాముల మీద చేయబోయేదానికి ఇది ట్రయల్ అట. ట్రయల్! దిగువన వాగు ఇసుకలో ఆకు ఆరబెట్టే కల్లం ఉంది. కమ్లితో పాటు సగం తండా అక్కడే ఉంది. ముఠా పెట్టిన జామర్ వల్ల ఫోన్లు కలవవు. హెచ్చరించడానికి వెళ్ళిన జీపును ముఠా దారిలోనే తగలబెట్టింది.

కంట్రోల్ రూమ్ దగ్గర ముఠా గార్డులు ఆకు మోసే ఆడమనిషిని కన్నెత్తి చూడలేదు. అది పనికొచ్చింది, అయినా ఒళ్ళు మండింది.

లోపల నల్ల కళ్ళద్దాలు, సెంటు వాసన. శ్యామల! నిన్నటిదాకా ఆఫీసులో పక్క సీటు. ముఠాకు అమ్ముడుపోయింది ఈమేనన్నమాట. ఆమె పిస్టల్ ఎత్తేలోపే ఆకు కట్టలోని షాక్ గన్ ఆమె మెడకు తగిలింది. కుప్పకూలింది.

స్క్రీన్ మీద ఇంకా మూడు నిమిషాలు. కింద ఒక సంఖ్య: 100160063.

"రెండు ప్రైమ్ నంబర్లు గుణిస్తే వచ్చింది," శ్యామల నేల మీంచే నవ్వింది. "ఆ రెండూ కొడితేనే గేట్లు ఆగుతయ్. ఛాన్స్ ఒక్కటే. కాగితం మీద భాగించుకుంట కూసుంటవా?"

"నోర్ముయ్."

చివర అరవై మూడు. ఇంకొక్కటుంటే అరవై నాలుగు, ఎనిమిదెనిమిదులు. మధ్యలో పదహారు, అంటే ఎనిమిదికి రెట్టింపు. ఒకటి కలిపితే పదివేల ఎనిమిదికి వర్గం! అడ్డమూ నిలువూ సమానంగా పేర్చిన కల్లంలో ఒక్క కట్ట తక్కువ.

చివరి వరసకు ఒక్క కట్ట తగ్గితే యాడి ఆ ఖాళీని అలా వదలదు. ఆ వరసంతా ఎత్తి పక్కన నిలువుగా పేరుస్తుంది. వరసలు ఒకటి తగ్గుతాయి. ప్రతి వరసలో కట్ట ఒకటి పెరుగుతుంది. ఖాళీ ఉండదు.

ఉషారాణి వేళ్ళు కదిలాయి. 10007. 10009. పక్కపక్కనే ఉన్న కవల ప్రైములు. సంఖ్య పెద్దదైతే చాలనుకున్న పొగరుబోతుల తాళం అది.

పన్నెండు కొట్టగానే జానెడు లేచిన గేట్లు ఆగాయి, దిగిపోయాయి.

సాయంత్రం కల్లంలో కమ్లి కూతురి చేతిలోని కట్టను తిప్పి చూసింది.

"గిది మోదుగాకు. తునికాకని మోసుకపోతుంటే ఒక్కడన్న అడగలే?"

"మా ఆఫీసోళ్ళకూ తెల్వదు, ఆ దొంగలకూ తెల్వదు," అంది ఉషారాణి. "మన దిక్కు చూస్తే కదా యాడీ, అడిగేది."